పన్నెండడుగుల నీడ

పరదేశి కుడికాలు మడమ పైన తెగి కాలువ గట్టు మీద పడి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ గుమ్మళ్ళపాలెంలో కత్తులు నూరుతూనే ఉన్నారు. లోవపేటలో ఒక్క మగాడూ ఒంటరిగా పొలానికి వెళ్ళలేదు.

తెలిసినవాళ్ళకి మళ్ళీ చెప్పడమని కాదుగాని, ఒక్క ముక్క గుర్తు చేసి ముందుకు పోదాం. కాలువ ఒకటి, ఊళ్ళు రెండు. ఎగువన గుమ్మళ్ళపాలెం, దిగువన లోవపేట, నడుమ ఒక మదుం, అంటే తూము. దాని పలక ఎత్తితే నీళ్ళు ఎగువ చెరుకు తోటల్లోకి మళ్ళుతాయి, దించితే దిగువకి పోతాయి. పొద్దు పొడిచింది మొదలు, మధ్యాహ్నం తిరిగి మనిషి నీడ పన్నెండడుగులు సాగే దాకా ఎగువవాళ్ళ వంతు. అక్కడి నుంచి దీపాల వేళ దాకా దిగువవాళ్ళది. రాత్రి నీళ్ళు ఉమ్మడి చెరువుకి. ఎవరి నీడని వాళ్ళు తమ పాదాలతోనే కొలవాలి. తాతల నాటి కట్టుబాటు అది. కొలిచి పలక దించే పని గుమ్మళ్ళపాలెం నీరుగంటి పరదేశిది. మొన్న పుష్యమాసంలో బడిపంతులు శాంతిరాజు మేష్టారు ఈ నీడల గోల ఇంకా ఎన్నాళ్ళని, బ్లాకు ఆఫీసు ఇచ్చిన గోడ గడియారం మదుం పాకలో తగిలించి, 'మూడు గంటలు' అని కాగితం రాసి, రెండు ఊళ్ళ పెద్దల చేతా వేలిముద్రలు వేయించారు. చైత్రం వచ్చి నీళ్ళకి కటకట మొదలయ్యేసరికి లోవపేటవాళ్ళు మూడు కొట్టగానే పలక దించమన్నారు. నీడ పన్నెండు రాలేదు, దించనన్నాడు పరదేశి. దొంగ కొలత కొలుస్తున్నావురా అని లోవపేట బంగార్రాజు గొడ్డలి ఎత్తాడు. కొలిచిన కాలినే నరికాడు.

చైత్రం చివరి రోజులు. మధ్యాహ్నం రెండున్నరకి చోడవరం ఆస్పత్రిలో పరదేశి ప్రాణం పోయింది.

మంచం పక్కన ఉన్నది శాంతిరాజు మేష్టారు ఒక్కరే. పెళ్ళాం అచ్చియ్యమ్మ మూడు రోజులు కన్ను మూయకుండా కూర్చుని, చంటిదానికి పాలివ్వాలని ఆ ఉదయమే ఊరికి వెళ్ళింది. కాలు తొడ దాకా నల్లబడిపోయింది. గదినిండా వాసన. డాక్టరుగారు చెయ్యగలిగిందంతా చేశారు, విషం నెత్తురులో కలిశాక ఎవరు మాత్రం ఏం చేస్తారు! పోయేముందు పరదేశికి తెలివి వచ్చింది. మేష్టారి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు చూస్తే పోయే మనిషిలా లేడు.

"బాబూ, నాను అబద్దం ఆడనేదు. ఆ రోజు నా నీడ ఏడడుగులు. ఏడు మీద రొండు వేళ్ళు. పన్నెండు రానేదు. మా అయ్య మీద ఒట్టు."

"తెలుసు పరదేశీ, పడుకో," అన్నారు మేష్టారు.

తెలుసన్నారే గాని నమ్మలేదు. మూడు గంటలకి నీడ పన్నెండడుగులని పుష్యంలో తన కళ్ళతో చూసి, తన చేతి గడియారంతో సరిచూసి రాసిన మనిషి ఆయన. సొంత ఊరి చెరుకు మీద మమకారం కొద్దీ వెర్రివాడు నాలుగైదడుగులు మింగేశాడు, అంతమాత్రానికి కాలు నరకాలా అని జాలిపడ్డారు. అంతే. పరదేశి ఆయన మొహంలోకి చూస్తూనే పోయాడు. ఆ జాలిని చూసే పోయాడేమో.

కళ్ళు మూసి, దుప్పటి కప్పి, మేష్టారు ఆస్పత్రి ఆవరణలోకి వచ్చి నిలబడ్డారు. తాలూకా కచేరీ గంట మూడు కొట్టింది. చేతి గడియారం చూసుకున్నారు. మూడే. ఊరికే తల వంచారు. ఎదుట నేల మీద తన నీడ, మూడింటికి కూడా పొట్టిగా పడి ఉంది.

చెప్పులు విడిచారు. తల నీడ ఎక్కడ పడుతోందో అక్కడ ఒక ముసలమ్మ చేత గులకరాయి పెట్టించి, మడమకి బొటనవేలు ఆనిస్తూ కొలుచుకుంటూ వెళ్ళారు. ఆరున్నర. రాయి పెట్టిన ముసలమ్మ ఈయనకేం పట్టిందోనని చూస్తోంది. మళ్ళీ కొలిచారు. ఆరున్నరే.

అక్కడే నేల మీద కూలబడ్డారు.

మూడేళ్ళుగా బడిలో గ్లోబు తిప్పి, భూమి ఒక పక్కకి ఒరిగి తిరుగుతుందనీ, అందుకే చలికాలం సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడనీ, ఎండాకాలం నడినెత్తికి వస్తాడనీ, అప్పజెప్పనివాళ్ళని బెంచీ ఎక్కించి మరీ నేర్పిన పంతులు! పుష్యంలో మూడింటికి పన్నెండడుగులు సాగిన నీడ చైత్రంలో నాలుగు దాటితేగాని అంత సాగదని ఒక్కనాడు, ఒక్కనాడంటే ఒక్కనాడు తట్టలేదు. ఒక నెల నీడని ఏడాది పొడుగుకీ మేకు కొట్టి బిగించేశారు. మదుం పాకలో గడియారం అబద్ధం చెప్పలేదు. పరదేశి కాలూ అబద్ధం చెప్పలేదు. తప్పంతా ఆ కాగితంలో ఉంది, ఆ కాగితం రాసింది తాను. చదువులేనివాడు తప్పు చేస్తే నలుగురూ దిద్దుతారు. మేష్టారు చేస్తే దాని కింద వేలిముద్రలు వేస్తారు.

అప్పుడే గుమ్మళ్ళపాలెం బండివాడు ఆవరణలోకి పరిగెత్తుకొచ్చాడు.

"మేస్టారూ! దాసు మనుషులు బంగార్రాజుని సెరుకుతోటలో దొరకబుచ్చుకున్నారు. గానుగ కాడికి ఈడ్సుకుపోయేరు. బెల్లం పెనంలో పాకం మరుగుతంది. కాలికి కాలు అంతన్నాడు దాసు, అందులో ముంచుతాడట!"

దాసు అంటే పరదేశి తమ్ముడు. అన్న కాలు తెగిన నాటి నుంచి అన్నం ముట్టనివాడు. మేష్టారి వయోజన పాఠశాలలో అక్షరాలు దిద్ది, గడియారం చూడడం నేర్చుకుని, సంతకం వచ్చిన రోజున ఆయనకి బెల్లం అచ్చు తెచ్చి ఇచ్చినవాడు.

"నువ్వు పోలీసు స్టేషనుకి పోయి చెప్పు," అని మేష్టారు సైకిలెక్కారు. పరదేశి పోయాడని మాత్రం బండివాడికి చెప్పలేదు. నాలుగు మైళ్ళ దారిలో ఆయన ఆలోచించిందంతా అదే. ఈ కబురు నోరు జారితే బంగార్రాజు కాలుతో పోదు, తల పోతుంది. ఆ వెంటనే లోవపేట తగలబడుతుంది, మర్నాడు గుమ్మళ్ళపాలెం. ముందు నీడ సంగతి అర్థమయ్యేలా చెప్పాలి. చావు సంగతి తరవాత. ఎంత తరవాత అన్నది ఆయనకీ తెలీదు.

గానుగ దొడ్డిలో నలభై మంది దాకా ఉన్నారు. ఎద్దుల్ని విప్పేశారు. నేలలో తవ్విన పొయ్యి మీద, నేలకి జానెడెత్తున, నలుగురు పడుకునేంత ఇనప పెనం. అందులో పాకం ఎర్రగా, బుడగలు బుడగలుగా కుతకుతమంటోంది. ఎవరో ఇంకా చెరుకు పిప్పి ఎగదోస్తూనే ఉన్నారు.

పెనం అంచున బంగార్రాజు. పాతికేళ్ళవాడు, ఎద్దులాంటి మనిషి. ఇప్పుడు మొహం గుర్తుపట్టేలా లేదు. ముందుపళ్ళు రాలిపోయాయి, ఎడమ చెవి సగం తెగి వేలాడుతోంది. చేతులు వెనక్కి విరిచి కట్టారు. మేష్టారు సైకిలు పారేసి లోపలికి వస్తుండగానే దాసు తెడ్డుతో పాకం తీసి బంగార్రాజు కుడిపాదం మీద పోశాడు.

ఆ అరుపు మనిషి అరుపులా లేదు. పాకం నీళ్ళలా జారిపోదు కదా, అంటుకుని కూర్చుంటుంది. ఇద్దరు పట్టుకుంటే గాని బంగార్రాజు నిలవలేదు.

"ఇది రుసి సూడ్డానికి," అన్నాడు దాసు. "ఇప్పుడు మోకాలు దాకా."

"దాసూ, ఆగు!"

మేష్టారు జనాన్ని తోసుకుని వెళ్ళబోయారు. ఎవడో కర్ర ఎత్తి కొట్టాడు. నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. ఆయన పడి, లేచి, మళ్ళీ నడిచారు. రెండో దెబ్బ భుజం మీద పడింది. అప్పుడు దాసే అడ్డుకున్నాడు.

"మేస్టార్ని కొట్టకండ్రా. మేస్టారూ, మీరు ఎల్లిపోండి. ఇది మీ బడి కాదు."

"వెళ్ళను. నా మాట విను. దేశాలకి దేశాలే నీళ్ళకోసం తగువులాడుకుంటున్నాయి. సింధు నది నీళ్ళు మావంటే మావని మనమూ పాకిస్తానూ ఎదురుబొదురుగా నిలబడ్డాం. ఫిరంగులున్నాయి, విమానాలున్నాయి. అయినా వాటిని ఒక పక్కన పెట్టి, వేరే దేశంవాళ్ళని మధ్యన కూర్చోబెట్టి మాట్లాడుకుంటున్నారు. నేనే కదా మీకు పేపరు చదివి వినిపించేను!"

"ఆల్లకేటి," అన్నాడు దాసు. కళ్ళు చింతనిప్పులు. "ఆ బల్ల ముందు కూసున్నోల్లలో ఎవుడి అన్న కాలు తెగిందో సెప్పండి. తెగితే కూసుంటారేటి?"

పేపరులో చదివినప్పుడు ఎంతో గొప్పగా అనిపించిన మాట, ఈ పొయ్యి పక్కన చప్పగా చల్లారిపోయింది. మేష్టారు చేతి గడియారం విప్పి దాసు చేతిలో పెట్టారు.

"సరే, పేపరు వద్దు. గడియారం చూడ్డం నీకు నేర్పేను కదా, ఎంతయింది?"

దాసు చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. "నాలుగు."

"బంగార్రాజు కట్లు విప్పు. వాడి నీడ వాడు కొలుచుకోనీ. అంతే నేనడిగేది. తరవాత నీ ఇష్టం. అడ్డుపడితే నన్ను కూడా అందులో పడెయ్."

జనం గొణిగారు. వద్దు, నాటకాలాడుతున్నాడని ఒకడన్నాడు. అంతవరకూ గానుగ రాటకి ఆనుకుని, చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, కన్నార్పకుండా కూర్చున్న అచ్చియ్యమ్మ నోరు విప్పింది.

"కొలవనీ మరిదీ. మీ అన్న దొంగ అని నరికేడు కదా. ఈడు ఎలాగ కొలుత్తాడో నానూ సూత్తాను."

కట్లు విప్పారు. బంగార్రాజు తూలుతూ దొడ్డి మధ్యకి, ఎండలోకి వచ్చాడు. వాడి తల నీడ పడ్డచోట దాసు కత్తి దిగేశాడు. కాలిన పాదం, మంచి పాదం ఒకదాని ముందొకటి పెడుతూ కొలవడం మొదలుపెట్టాడు వాడు. కాలిన పాదం ఆనించినప్పుడల్లా మూలుగు. నేల మీద నెత్తురూ పాకమూ అంటుకున్న అడుగులు. అయిదు, ఆరు, ఏడు. జనం కూడా లోలోపల లెక్కపెడుతున్నారు. తొమ్మిది, పది.

పదకొండు దగ్గర కత్తి తగిలింది.

"పదకొండే," అన్నాడు బంగార్రాజు. దాసు చేతిలోని గడియారం కేసి చూశాడు. "నాలుగయ్యింది కదా. ఇంకా పన్నెండు రానేదేటి?"

మేష్టారు అచ్చులో పోయని బెల్లం ముద్ద ఒకటి అందుకుని, దానికి పుల్ల గుచ్చి, పొయ్యి ముందు పక్కకి ఒరిగించి పట్టుకున్నారు.

"ఇది భూమి. మంట సూర్యుడు. భూమి ఇలాగ ఒరిగి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. పుష్యంలో మనం మంటకి ఏటవాలుగా ఉంటాం, నీడ సాగుతుంది. చైత్రానికి మంట నెత్తి మీదకి వస్తుంది, నీడ ముడుచుకుంటుంది. గుమ్మళ్ళపాలెమైనా లోవపేటైనా, ఆ సింధు నది ఒడ్డునున్నవాళ్ళయినా అంతే. మనందరం ఉన్నది ఈ ముద్ద మీదే. పుష్యంలో మూడింటికి పన్నెండడుగులు. ఇప్పుడు మూడింటికి ఏడు దాకానే. పరదేశి అబద్ధం ఆడలేదు. బంగార్రాజు చూసిన గడియారమూ అబద్ధం కాదు. తప్పు నాది. ఒక్క నెల చూసి ఏడాదంతటికీ రాసేశాను. ఆ కాగితం నాది. దాసూ, కాలికి కాలు కావాలంటే ఇదిగో నా కాలు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయనకి భయం వేసింది. ఎందుకు వెయ్యదు! పెనం సెగ మొహానికి కొడుతోంది. ఇంట్లో భార్య కరుణమ్మ, ఇద్దరు ఆడపిల్లలు కళ్ళ ముందు మెదిలారు. అయినా కాలు వెనక్కి తియ్యలేదు.

దాసు ఆయన్ని చూశాడు, పెనాన్ని చూశాడు, ఆయన్ని చూశాడు. తెడ్డు పిడి మీద వేళ్ళు బిగిశాయి. తెడ్డు పడేసి, రెండు చేతులతో తల పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"మాయన్న నిజమే సెప్పేడు. ఎవుడూ నమ్మనేదు. నానే నమ్మనేదు మేస్టారూ! ఊరికోసం ఆడినా అబద్దం అబద్దమే కదా అని మనసులో అనుకున్నాను."

బంగార్రాజు కత్తి పాతిన చోటే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "నిజం సెప్పిన కాలు నరికేసేను," అన్నాడు. ఎవరితోనూ కాదు. అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

కర్రలు కిందకి దిగాయి. పిప్పి ఎగదోసేవాడు చెయ్యి ఆపాడు. ఒక్క ఘడియ, ఆ దొడ్డిలో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. మేష్టారి గుండె తేలికపడింది. గెలిచాననే అనుకున్నారు పాపం.

అచ్చియ్యమ్మ చంటిదాన్ని భుజాన వేసుకుని ఆయన ముందుకి వచ్చింది. ఆమె మొహంలో నాలుగు రోజులుగా లేని వెలుగు.

"మీరు అక్కడి నుంచే కదా వస్తన్నారు బాబూ? ఈ మాట ఆడికి సెప్పేరా? ఆడు దొంగ కాదని తెలిసిపోయిందని సెప్పేరా? ఎలాగున్నాడు?"

నలభై మంది మొహాలు ఆయన వైపు తిరిగాయి. ఇప్పుడే కదా నిజం నమ్మమని వీళ్ళందరినీ బతిమాలింది! బాగున్నాడు, తెల్లారి వెళ్ళి చూడొచ్చు అంటే ఈ పూట గడిచిపోతుంది. ఆ అబద్ధం నాలిక చివర దాకా వచ్చింది కూడా. ఆమె కళ్ళలోకి చూశాక మింగేశారు.

"పోయాడమ్మా. రెండున్నరకి. నేను పక్కనే ఉన్నాను. అబద్ధం ఆడలేదని నాతో చెప్పి పోయాడు. అప్పటికి నేనూ నమ్మలేదు."

అచ్చియ్యమ్మ చంటిదాన్ని నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టి, ఆ పక్కనే తానూ పడిపోయింది. దిగిన కర్రలు మళ్ళీ లేచాయి. "సంపీండ్రా ఆణ్ణి!" అని ఒక గొంతు. దాసు నేలలోంచి కత్తి పీకి లేచి నిలబడ్డాడు. ఏడుపు ఆగిపోయింది, మొహం రాయి అయిపోయింది.

అందరికంటే ముందు కదిలింది బంగార్రాజు. పారిపోలేదు. ఎవరూ పట్టుకోకముందే, ఎవరూ తొయ్యకుండానే, కుంటుకుంటూ తిన్నగా పెనం దగ్గరికి నడిచాడు.

"అప్పా, అచ్చియ్యప్పా! నీ మొగుడి పేనానికి నా కాలు సాల్దే," అన్నాడు. అని ముందుకి ఒరిగిపోయాడు.

మేష్టారు ఒక్క గంతు వేసి వాడి పంచె పట్టుకున్నారు. పంచె చిరిగింది. అప్పుడు దాసు కత్తి విసిరేసి వెనకనుంచి వాడి నడుం చుట్టూ రెండు చేతులూ వేశాడు. ఎందుకు వేశాడని తరవాత ఎవరడిగినా చెప్పలేకపోయేవాడు. అన్నని చంపినవాణ్ణి గుండెలకి కరుచుకుని, పెనం అంచున కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి లాగుతున్నాడు. బంగార్రాజు మొహం పాకానికి మూరెడెత్తున వేలాడుతోంది. జుట్టు మాడుతున్న వాసన. మేష్టారు దాసు నడుం పట్టుకుని లాగుతున్నారు.

సరిగ్గా ఆ క్షణాన దొడ్డి కంచె విరిగింది. బంగార్రాజుని విడిపించడానికి లోవపేట బల్లేలతో వచ్చింది. పొగలోంచి వాళ్ళకి కనపడింది ఒక్కటే. మరిగే పెనం, దాని మీదకి వంగిపోయిన బంగార్రాజు, వెనక వాణ్ణి వాటేసుకుని దాసు. లాగుతున్నాడో తోస్తున్నాడో ఆ దూరం నుంచి ఎవరు చెప్పగలరు? చెప్పాలని ఎవరికుంది?

"ఆగండర్రా!" అని మేష్టారు గొంతు చించుకున్నారు. గాలిలో ఏదో సర్రుమంది.

బల్లెం దాసు కుడిభుజం వెనక దిగి ముందుకి మొన తేలింది. దాసు ఒక్కసారి నిట్టనిలువునా వణికాడు. కుడిచెయ్యి జారి పక్కకి వేలాడిపోయింది. బంగార్రాజు మొహం పాకానికి ఇంకో జానెడు కిందకి దిగింది. రెండో బల్లెం ఎత్తి గురిచూస్తున్నవాడు మేష్టారికి కనపడుతున్నాడు.

దాసు ఎడమచెయ్యి మాత్రం వదల్లేదు.